దంతవైద్యుని పనిముట్లు - వాని శుద్ధి

(సుమ్మాదేవి గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేయబడిన ఉపన్యాసపాఠము)



"పండ్లూడగొట్టుకొనుటకు ఏ రాయి యైన నేమి?" యను సామెతను వినని వారు తెలుగునాట నుండరు. ఎట్లును నష్టము తప్పనప్పుడు అది యే దారిని వచ్చిన నేమి యను నిస్పృహ యీ మాటలో గలదు. సామెతగా నిది చక్కనిదే. వైద్యముగా మాత్రము దీనికంటె ప్రమాదకరమైన మాట లేదు. ఏ రాయి? ఎవరి చేతిలోని రాయి? అంతకుముందు ఎవరి నోటిలోనుండి వచ్చిన రాయి? ఈ మూడు ప్రశ్నలమీదనే రోగి క్షేమము ఆధారపడియున్నది. పన్ను నొప్పి పుట్టినవాడు సంతలో చాపపరచుకొని కూర్చున్న పీకుడుగానిని ఆశ్రయించినను, పట్టణములోని వైద్యశాలకు పోయినను, ఈ ప్రశ్నలు తప్పవు.

దంతవైద్యమును గూర్చి గ్రంథాలయ సభలో ప్రసంగమేల యని కొందరనుకొనవచ్చును. గ్రంథాలయములోని పుస్తకము ఒక చేతినుండి మరియొక చేతికి పోవును. ఎన్ని చేతులు మారిన అంత మేలు. వైద్యుని పనిముట్టు ఒక నోటినుండి మరియొక నోటికి పోవును. నడుమ శుద్ధి జరిగినదా, అది ఉపకారము. జరుగలేదా, ఒకరి రోగమును మరియొకరికి చేరవేయు బంటు. చదువుకొన్నవారు తెలిసికొని చదువనివారికి చెప్పవలసిన సంగతులలో నిది యొకటి.

ప్రాచీనుల పరిజ్ఞానము

సంస్కృతమున దంతమునకు ద్విజమని పేరు. పాలపండ్లు 20 పుట్టి రాలిపోయిన పిదప, స్థిరదంతములు వచ్చి పూర్ణవయస్కునకు 32 అగును. రెండుమారులు పుట్టునది గనుక ద్విజము. మూడవ జన్మము దానికి లేదు. కనుకనే పోగొట్టుకొనుటకు తొందరపడరాదు.

సుశ్రుతసంహిత శస్త్రచికిత్సా సాధనములను రెండు తెగలుగా విభజించినది. పట్టుకొనుటకును, లాగుటకును, చూచుటకును ఉపయోగించునవి యంత్రములు, అవి 101. కోయుటకును, గీకుటకును, గ్రుచ్చుటకును ఉపయోగించునవి శస్త్రములు, అవి 20. ఈ యిరువదింటిలో దంతశంకువు ఒకటి. పంటిమీద గట్టిపడిన గారను గీకి తీయుటకది సాధనము. యంత్రములన్నిటిలో చేయియే ప్రధానమనియు, చేయి లేనిదే మిగిలినవి పనికిరావనియు సుశ్రుతుని అభిప్రాయము. వంకరపోవుట, మొద్దువారుట, విరుగుట, అంచు గరుకుగా నుండుట, మిక్కిలి లావు, మిక్కిలి చిన్నది, మిక్కిలి పొడవు, మిక్కిలి పొట్టి యగుట - ఈ యెనిమిదియు శస్త్రదోషములని ఆయన లెక్కించినాడు.

శిష్యునకు నేర్పు విధమును గూర్చి ఆయన చెప్పినది ఉద్దానపు వారికి మరింత రుచించును. బయటికి లాగి తీయు పనిని ముందుగా పనసకాయ మొదలైన వాని గుజ్జుమీదను, చచ్చిన పశువుల దంతములమీదను అభ్యసింపవలెనట! పనసతొనలోనుండి గింజను తొన చెడకుండ తీయజాలనివాడు మనుష్యుని నోట చేయిపెట్టరాదన్న మాట. నాడే యిట్టి నియమముండగా, నేడు నేర్వనివాని చేతికి నోరప్పగించుట తగునా? భారతదేశమున దంతవైద్యము చేయుటకు అర్హతయు, నమోదును ఉండవలెనని 1948లోనే శాసనము చేయబడినది.

చూచు సాధనములు

ఏ దంతవైద్యశాలకు పోయినను మొట్టమొదట రోగి యెదుట పెట్టు పళ్ళెములో మూడు వస్తువు లుండును: నోటి అద్దము, ప్రోబు, పట్టకారు.

నోటి అద్దము పొడవైన కాడకు తగిలించిన రూపాయి బిళ్ళయంత గుండ్రని దర్పణము. ఇది మూడు పనులు చేయును. కంటికి కనబడని వెనుక పండ్ల వెనుకభాగమును చూపును. దీపపు వెలుతురును చీకటిమూలలకు మరలించును. బుగ్గను, నాలుకను ప్రక్కకు తొలగించి, వాడిగల పనిముట్టు వానికి తగులకుండ కాపాడును. గీతలుపడి మసకబారిన అద్దము పనికిరాదు.

ఈ చిన్న అద్దము శ్రీకాకుళ, విశాఖ తీరములందు ప్రాణరక్షకము కూడ. చుట్ట నిప్పుకొనను నోటిలోపల పెట్టుకొని అడ్డపొగ త్రాగు ఆచారము ఈ సీమలో, ముఖ్యముగా పెద్దవయసు స్త్రీలలో, చిరకాలముగా నున్నది. నిప్పువేడి తిన్నగా అంగిలికి తగులును. ఆంధ్ర గ్రామీణులు 10,169 మంది అంగిళ్ళను పరీక్షించి వ్రాసిన అధ్యయనము 1971లో ప్రకటితమైనది. అడ్డపొగకును అంగిలిపై కలుగు మచ్చలకును, పుండ్లకును, కాన్సరునకును గల సంబంధము అట్టి పరిశోధనలవలననే లోకమునకు తెలిసినది. అంగిలి తనకు తాను కనబడదు. ఆదిలో నొప్పియు నుండదు. కనుక పంటినొప్పికై పోయిన ముసలమ్మ అంగిలిని కూడ వైద్యుడు అద్దముతో చూడవలెను. చూడడేని, చూడుమని వెంటవచ్చినవారు అడుగవలెను.

ప్రోబు వంగిన మొనగల సన్నని కడ్డీ. పుచ్చును, పూడ్చినచోట విడిన అంచును అది కనిపెట్టును. పూర్వము దానిని గట్టిగా నొక్కి పరీక్షించెడివారు. అట్లు నొక్కినచో మెత్తబడి ఇంకను చిల్లుపడని పంటిపై పొర విరుగునని తెలిసినందున, ఇప్పుడు తేలికగా తాకించి చూచుటయే పద్ధతి. దీనికి తోబుట్టువు చిగురు కొలుచు కడ్డీ. దానిమీద మిల్లీమీటర్ల గీత లుండును. గొలుసుపట్టి భూమిని కొలిచినట్లు, ప్రతి పంటిచుట్టును చిగురులోతును దీనితో కొలుతురు. మూడు మిల్లీమీటర్లలోపు ఆరోగ్యము. అంతకు మించినచో పంటి పునాది సడలుచున్నదని గుర్తు. పట్టకారు దూదిని నోటిలోనికి పంపి తిరిగి తీయుటకు. లోపలికి పోయినవెన్నో, బయటికి వచ్చినవన్ని యని లెక్క సరిపోవలెను.

గీకు సాధనములు, తొలుచు సాధనములు

గారను తీయునది స్కేలరు. సుశ్రుతుని దంతశంకువునకు నేటి వారసుడు. చేతితో గీకునది యొకటి. సెకనునకు వేలకొలది సార్లు కంపించుచు నీటితో గారను విడగొట్టునది మరియొకటి. "గార తీయించినచో పండ్లు కదలును" అను భయము పల్లెలలో గలదు. నిజమునకు ఎముక అరిగి పన్ను కదలుట అంతకుముందే జరిగియుండును. గార గోడవలె అంటుకొని దానిని కప్పిపెట్టియుండును. గోడ తీసినప్పుడు ఉన్న స్థితి కనబడినదే గాని, కొత్తగా చెడినది లేదు.

పుచ్చును తొలుచు యంత్రమునకు పెద్ద చరిత్ర గలదు. కుట్టుమిషను వలె కాలితో త్రొక్కు యంత్రము అమెరికాలో 1871లో వెలసినది. గాలి ఒత్తిడితో తిరుగు యంత్రము 1957లో వాడుకలోనికి వచ్చినది. నేటి యంత్రపు మొన నిమిషమునకు మూడు లక్షల చుట్లకు పైగా తిరుగును. అంత వేగమువలన వేడి పుట్టును. వేడివలన పంటిలోని జీవము చచ్చును. అందుకే మొనమీద నీరు చిమ్ముచునే యుండవలెను. ఆ నీరు రోగికి విసుగు గొల్పినను అతని పంటికి ప్రాణము.

ఈ యంత్రము విషయమున నొక రహస్యము గలదు. అది ఆగునపుడు నోటిలోని ఉమ్మియు, నెత్తురును కొంత లోపలికి పీల్చుకొనవచ్చును. పైన తుడిచిన మాత్రమున లోపలి మలినము పోదు. ప్రతి రోగి తరువాత నీటిని, గాలిని కొంతసేపు బయటికి వదలి, పిదప యంత్రమునే ఆవిరిశుద్ధికి పంపవలెను.

పన్ను తీయు సాధనములు

ఏ రాయి యైన నేమి యన్నవారికి అసలైన ప్రత్యుత్తర మిచ్చట గలదు. పన్ను తీయు పటకారులను ఫోర్సెప్స్ అందురు. పై దవడ పెద్దదంతమునకు సామాన్యముగా మూడు వ్రేళ్ళు: బుగ్గవైపు రెండు, అంగిలివైపు ఒకటి. క్రింది దవడ పెద్దదంతమునకు రెండే వ్రేళ్ళు: ముందొకటి, వెనుకొకటి. కనుక పైపంటి పటకారునకు బుగ్గవైపు రెక్క మొనదేలి, రెండు వ్రేళ్ళ సందున ఇముడును. అంగిలివైపు రెక్క నున్నగా గుండ్రముగా నుండును. ఆ కారణముచేతనే కుడివైపు పటకారు ఎడమవైపునకు పనికిరాదు. క్రిందిపంటి పటకారునకు రెండు రెక్కలును మొనదేలియుండును. పైదవడ ముందుపండ్లకు వ్రేరు ఒక్కటే; వాని పటకారు తిన్నగా నుండును. తప్పు పటకారు పట్టినచో పన్ను పైన విరిగి వ్రేరు లోపల నిలిచిపోవును.

పన్ను తీయుటయన లాగుట కాదు. ముందుగా ఎలివేటరు అను సాధనముతో పంటిని గూటినుండి సడలింతురు. గునపముతో రాతిని పెకలించు సూత్రమే యిది. పిదప పటకారుతో పట్టి బుగ్గవైపునకు, లోపలివైపునకు మెల్లగా కదల్చి గూటిని వెడల్పుచేసి తీయుదురు. ఎలివేటరు జారినచో నాలుకలోనో, గొంతుదగ్గరనో దిగును. అందుకే వైద్యుని రెండవచేయి దవడను పట్టి, వ్రేలు ఆనకట్టవలె నిలిచియుండవలెను. తీసిన పన్ను వ్రేళ్ళతో పూర్తిగా వచ్చినదా యని వెలుతురులో చూచిన తరువాతనే రోగిని లేపవలెను.

తిమ్మిరిమందు ఎక్కించు సూది ఒక్క రోగికి, ఒక్కసారికి మాత్రమే. మందు వదలుటకు ముందు పిచికారిని కొంచెము వెనుకకు లాగి నెత్తురు వచ్చుచున్నదా యని చూతురు; నెత్తురు వచ్చినచో మొన రక్తనాళములో నున్నదని తెలిసి స్థానము మార్చుదురు. ఒకరికి గ్రుచ్చిన సూదిని మందు బుడ్డిలో మరల ముంచినచో బుడ్డి యంతయు మలినమే. వాడిన సూదికి రెండుచేతులతో మూత పెట్టరాదు; మూతను పళ్ళెములో నుంచి ఒక్కచేతితో సూదిని దానిలోనికి దూర్చవలెను. వైద్యునికిని, సహాయకురాలికిని సూదిపోట్లు తగులునది ఎక్కువగా ఇచ్చటనే.

శుద్ధి యనగా నేమి?

నోటిపనిలో నెత్తురు తప్పదు. నెత్తురుద్వారా వ్యాపించు రోగములలో కామెర్లకు కారణమైన హెపటైటిస్-బి మిక్కిలి మొండిది. ఎండిన నెత్తుటి చారలో సైతము ఏడుదినములు బ్రతికియుండి అంటగలదు. టీకా లేనివానికి రోగి సూది గ్రుచ్చుకొన్నచో ఈ రోగము తగులుటకు నూటికి 6 మొదలు 30 వరకు అవకాశము గలదు. ఎయిడ్సు క్రిమి విషయమున నిది వెయ్యింటికి 3 మాత్రమే. రోగి ముఖము చూచి ఇవి కనిపెట్టుట అసాధ్యము. కావున ఎవరినో అనుమానించి, ఎవరినో విశ్వసించుట శాస్త్రము కాదు. వచ్చిన ప్రతివాని నెత్తురును అంటునదిగానే భావించి పనిచేయవలెను. ధనికుడైనను, దరిద్రుడైనను, వైద్యుని చుట్టమైనను నియమ మొక్కటే.

పనిముట్టు శుద్ధికి మెట్లు గలవు. వాడిన వెంటనే నెత్తురు ఎండకుండ తడిగా నుంచుట మొదటిది. దళసరి చేతితొడుగులు వేసికొని, సబ్బునీటితో కుంచెపెట్టి తోముట రెండవది. తోమనిదే యే శుద్ధియు ఫలింపదు. జిడ్డు అంటిన గిన్నెను ఎంత కాచినను జిడ్డు పోదుగదా! కడిగి, ఆరబెట్టి, సంచులలో మూసి కట్టుట మూడవది. ఆటోక్లేవులో ఆవిరిపట్టుట నాలుగవది.

ఆటోక్లేవు 1879లో ఫ్రాన్సున పుట్టినది. పాస్టరు శిష్యుడైన షాంబర్లాన్ దాని నిర్మాత. వంటింటి ప్రెషరు కుక్కరును ఎరిగినవారికి దీని సూత్రము తెలిసినట్లే. బయట నీరు 100 డిగ్రీల వద్ద మరుగును. ఆవిరిని బంధించి చదరపుటంగుళమునకు 15 పౌనుల ఒత్తిడి కల్పించినచో వేడి 121 డిగ్రీలకు పోవును. ఆ వేడిలో 15 నిమిషములకు తక్కువ కాకుండ, లేదా 134 డిగ్రీల వేడిలో 3 నిమిషములకు తక్కువ కాకుండ నుంచవలెను. లోపలి గాలి యంతయు ముందుగా బయటికి పోవలెను. గాలి నిలిచినచోట ఆవిరి చేరదు. పెట్టెను క్రిక్కిరిసి నింపినను ఇదే దోషము.

నీటిలో కాచిన చాలదా యని యడుగుదురు. కాచుటవలన క్రిములలో పెక్కు చచ్చును గాని, ధనుర్వాత క్రిమివంటివి గట్టి బీజరూపమున దాగి 100 డిగ్రీల వేడిని ఓర్చుకొనగలవు. స్పిరిటుతో తుడుచుట చర్మమునకు తగునే గాని పటకారునకు శుద్ధి కాదు. మంటలో కాల్చినచో ఉక్కు పదును పోవును. మూలలందు మలినము మాడి నిలుచును.

సంచిమీద రంగుమారు గుర్తుండును. రంగు మారినదన్న అది వేడిని చూచినదని మాత్రమే యర్థము. క్రిములు నిజముగా చచ్చినవా యని తెలియుటకు, మిక్కిలి వేడినోర్చు బీజములుగల పరీక్షాపత్రమును వారమునకొకసారి పెట్టెలో నుంచి చూచుట మంచి వైద్యశాలల పద్ధతి.

ఇచ్చట చిన్న లెక్క వేసికొనవచ్చును. ఒక వైద్యశాలలో పన్నుతీయు సామగ్రి మూడు జతలున్నవనుకొందము. తోమి, కట్టి, ఆవిరిపట్టి, ఆరబెట్టుటకు ఒక గంట పట్టుననుకొందము. ఉదయము నాలుగు గంటల కాలములో ఆ మూడు జతలతో పండ్రెండుమందికి మించి శుద్ధముగా పన్ను తీయుట సాధ్యము కాదు. అచ్చట ముప్పదిమందికి పండ్లు తీసినచో, పదునెనిమిదిమంది లెక్క తేలవలసియున్నది. వైద్యుని గొప్పను రోగుల సంఖ్యతో గాక, జతల సంఖ్యతో కలిపి చూడవలెను.

వాడిన సూదులను, విరిగిన మొనలను చెత్తలో పారవేయరాదు. వైద్యశాలల వ్యర్థములను గూర్చిన 2016 నాటి నియమముల ప్రకారము వాడి వస్తువులు గ్రుచ్చుకొనని తెల్లని గట్టిడబ్బాలో చేరవలెను. పెంటకుప్పలో పడిన సూది పారిశుధ్యపు పనివారి చేతిలోనో, ఆడుకొను పిల్లల కాలిలోనో దిగును.

ఉద్దానమునకు ప్రత్యేకముగా

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుఫాను ఈ తీరమున పడి కొబ్బరిని, జీడితోటలను నేలగూల్చినప్పుడు, పల్లెలు దినములతరబడి కరెంటు లేక చీకటిలో నుండెను. కరెంటు లేనిదే విద్యుత్ ఆటోక్లేవు పనిచేయదు. కాబట్టి ఈ సీమలోని వైద్యశాలలో పొయ్యిమీద పెట్టదగిన ఆవిరిపెట్టె యొకటి, శుద్ధిచేసి కట్టియుంచిన జతలు కొన్ని నిలువ యుండుట మేలు. రెండును లేనిచో, ఆగదగిన పనిని ఆపుటయే వైద్యధర్మము.

అంతకంటె ముఖ్యమైనది మూత్రపిండముల వ్యాధి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలములలో ఈ వ్యాధి యెన్ని యిండ్ల దీపము లార్పినదో చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల మూత్రపిండవ్యాధుల ఆసుపత్రి ప్రారంభమైనది. ఈ రోగులకు పన్ను నొప్పి పుట్టినచో జాగ్రత్తలు వేరు. దుకాణములో దొరకు డైక్లోఫినాకు, ఐబూప్రొఫెను వంటి నొప్పిమాత్రలు మూత్రపిండములకు చెరుపు చేయును. రెండు దినములు పంటినొప్పిని కప్పిపెట్టుటకు మ్రింగిన మాత్ర, సగము మిగిలిన మూత్రపిండమును హరింపవచ్చును. ఏ మాత్ర, ఎంత యను విషయము వైద్యుడే నిర్ణయింపవలెను.

డయాలిసిసు చేయించుకొనువారికి నెత్తురు గడ్డకట్టకుండ హెపారినను మందు నిత్తురు. అందువలన డయాలిసిసు నాడు పన్ను తీయింపరాదు. మరునాడు తీయించుట సామాన్య పద్ధతి. డయాలిసిసుకై రక్తనాళమును కలిపిన చేతికి రక్తపుపోటు పట్టీ కట్టరాదు. రోగము సంగతి చెప్పినచో వైద్యుడు పన్ను తీయడేమో యని దాచుట ఆత్మహాని. మధుమేహము, గుండెజబ్బు, రక్తము పలుచన చేయు మందులు, గర్భము - వీనిని గూర్చియు కుర్చీ యెక్కకముందే చెప్పవలెను.

అడుగవలసిన ప్రశ్నలు

ఇంత విన్న పిదప, రోగిగా పోవువాడు చేయదగిన దేమి? వైద్యుని పరీక్షించుట గాదు. తన కండ్లు తెరచి యుంచుట.

1. పనిముట్లను మూసిన సంచినుండి తన యెదుటనే తీయుచున్నారా?
2. సూదియు, చేతితొడుగులును తనకు క్రొత్తవేనా?
3. తొడుగు వేసిన చేతితోనే తలుపును, ఫోనును, పైకమును తాకి మరల నోటిలో పెట్టుచున్నారా?
4. వైద్యుని అర్హతాపత్రము, నమోదు సంఖ్య కనబడుచున్నవా?
5. తన రోగములను, తాను వాడు మందులను వైద్యునికి చెప్పెనా?

మొదటి నాలుగు ప్రశ్నలు వైద్యునివి; అయిదవది రోగిదే. "అయ్యా, ఈ పటకారు ఆవిరిలో పెట్టినదేనా?" యని మర్యాదగా నడుగుట తప్పు కాదు. శుచిగా పనిచేయు వైద్యుడు ఈ ప్రశ్నకు నొచ్చుకొనడు. సంతోషించి సంచిని చూపును. నొచ్చుకొన్నచో లేచివచ్చుటకు కాళ్ళు గలవు.

సంతలోని పీకుడుగాడు చౌకగా తీయునన్నది నిజమే. పదిమందికి వాడిన పటకారును ఒకే చెంబునీటిలో ముంచి తీయువానికి ఇచ్చినది కొద్ది పైకమే యైనను, కామెర్లు పట్టినచో ఆ కుటుంబము చెల్లించునది పొలము, నగలు, కొన్నియెడల ప్రాణము. జమయొక్క చిన్నదనమును చూచి ఖర్చును మరచుట గృహస్థునకు తగదు.

ఈ అయిదు ప్రశ్నలను పెద్దయక్షరములతో వ్రాసి గ్రంథాలయపు గోడకు తగిలించినచో, పత్రిక చదువ వచ్చినవారు చదివి, చదువరాని తల్లులకు చెప్పుదురు. రజతోత్సవమునకు గుర్తుగా ఏదో యొకటి చేయనెంచిన కార్యవర్గమువారు దీనిని కూడ ఆలోచింతురు గాక! ఖర్చు ఒక కాగితము.

స్వస్తి.